మా టర్కీ చుట్టం

మా రజిత పుస్తకం అచ్చు వేస్తామని పబ్లిషర్ ఒప్పుకున్నాడు. పొద్దున హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి నా బిడ్డ ఆ మాట చెప్తే, ఇక్కడ గల్ఫ్‌లో నా టైలర్ షాపులో కుట్టుమిషన్ మీదే తల పెట్టుకుని ఏడ్చేశాను.

పాతకాలపు టర్కీ జాతుల గొర్రెల కాపరులకూ, గొంగడి నేసే మా కురుమలకూ ఎప్పుడో చుట్టరికం ఉందని ఆరేళ్లుగా ఊరూరా తిరిగి రాసింది. ప్రొఫెసర్లు నవ్వారు. నేను కూడా అవన్నీ మానేసి బీఎడ్ చెయ్యమ్మా అని దాని ప్రాణం తీశాను.

సాయంత్రం ఈ మబేలాలోనే మా షాపు పక్కన సెలూన్ నడిపే టర్కీ ఆయనకు లడ్డూలు పట్టుకెళ్లాను. ఫోన్లో మా నాన్న నల్ల గొంగడి చూపించి, మనం చుట్టాలమని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను.

"మా తాత కూడా గొర్రెల దగ్గర ఉన్నిదే కప్పుకునేవాడు. కానీ అది తెల్లది" అన్నాడు.

"మీ తాత మరీ ఎక్కువ ఉతికి ఉంటాడు."

పడీపడీ నవ్వాడు. "చుట్టాలైతే నా పెళ్లికెందుకు రాలేదు?"

"నువ్వు పిలిస్తే కదా."

లడ్డూ తుంచి సగం నా నోట్లో పెట్టాడు. రజిత చెప్పేది నిజమో కాదో తేల్చే చదువు నాకు లేదు. కానీ చుట్టం కానివాడు అలా పెడతాడా, మీరే చెప్పండి.

ఇక జగిత్యాలలో పెద్దక్కకు చెప్పాలి. ఈ దేశంలోనే బురైమిలో ఉన్న తమ్ముడు మల్లేశ్‌కు చెప్పాలి. రజితను "టర్కీ పిల్ల" అని వెక్కిరించిన కోరుట్ల బావకు రెండుసార్లు చెప్పాలి. టర్కీలో ఉన్న మనవాళ్లకు సెలూన్ ఆయనే చెప్తానన్నాడు.