మీటరు ముల్లు

తిరుపతిలో మేం అద్దెకున్న వరస ఇళ్ళకు నీళ్ళ మీటరు ఒక్కటే, చార్జీ అందరం పంచుకునేవాళ్ళం. ఇంటి ఓనరమ్మ రోజూ పొద్దున్నే ఆ మీటరు అద్దాన్ని చీర చెంగుతో తుడిచి, ముల్లునే చూస్తూ నిలబడేది. పసిబిడ్డ గుడ్డలకు నీళ్ళెక్కువ వాడుతున్నానని ఇల్లు ఖాళీ చేయిస్తుందేమోనని నాకు హడల్. సన్నధారకు ముల్లు కదలదని ఎవరో అంటే, బి.ఎస్సీ. చదివిన నేను నమ్మి కొళాయి దారమంతే తిప్పేదాన్ని. వేణ్ణీళ్ళలో కలపడానికి చెంబెడు చన్నీళ్ళు నిండేలోపు, నూనె రాసిన బిడ్డ వణికిపోయేవాడు.

ఒకరోజు ఏడుపు విని ఆవిడే వచ్చింది.

"ఏందిమ్మా, బిడ్డను అట్ల చలిలో పెట్టినావు?"

"ముల్లు తిరుగుతుందని..."

"అది నిలిచిపోయి ఎన్నేండ్లో అయింది, బిల్లు నెలనెలా ఒకటే వస్తాది. పోయిన మా ఇంటాయన బిగించినాడని తుడస్తా ఉంటా" అని కొళాయి పూర్తిగా తిప్పింది.

మర్నాటి నుంచి ధారాళంగానే పోశాను. పోశాక బిడ్డను చంకనేసుకుని వెళ్ళి, ముల్లు కదిలిందేమోనని చూసి వచ్చేదాన్ని.