కూసున్నంకనే ధర

పొద్దున దుకాణానికి బయలుదేరే ముందు బండి సీటును తడిగుడ్డతో తుడుస్తాను. అప్పటికే ఎండ తగిలి ఉంటుంది కాబట్టి తడి పడగానే రెక్సిన్ లోంచి వెచ్చటి వాసన లేస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నా నడుము తనంతట తానే నిటారవుతుంది, చెవి దగ్గర ఎవరో "కూసో" అన్నట్టుంటుంది. ఆ గొంతు లింగయ్య కాకాది. ఆయన గురించి చెప్పాలంటే ముందు నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. సిద్దిపేటలో నాకంటే బాగా బేరం చేసి, నాకంటే పనికిమాలిన బండి కొన్నవాడు ఎవరైనా ఉంటే తీసుకురండి, ఇద్దరికీ చాయ్ నేను తాపిస్తాను. లక్షా అరవై వేలు చెప్పిన పాత రేసు బండిని ఒక్క మధ్యాహ్నంలో లక్షా పద్దెనిమిదికి దించాను. నలభై రెండు వేలు! అమ్మినతను కాగితాల మీద సంతకం పెడుతూ "నీకో దండమన్నా" అన్నాడు. ఆ దండం సంగతి నెల రోజులు బజారంతా చెప్పుకుని తిరిగాను. ఇంత చేసినవాణ్ణి ఆ బండి మీద పది నిమిషాలు కూర్చుని చూడటం మాత్రం మరిచిపోయాను.

మాది గిన్నెల దుకాణం. నాకు మాటలు రాకముందే బేరం వచ్చిందని మా ఇంట్లో అంటారు. మా బాపు పెట్టిన నియమం ఒకటుండేది: వస్తువు ఎవరికి కావాలో వాళ్లను బేరానికి తీసుకుపోకూడదు. మనసు పడ్డ మనిషి ముఖం చూస్తే అమ్మేవాడు ధర దిగడు. అమ్మకు పట్టుచీర కొనాల్సి వస్తే అమ్మను పక్క దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి, బాపు ఒక్కడే లోపలికి పోయేవాడు. చీర చవకగానే వచ్చేది. రంగు మాత్రం ఏనాడూ అమ్మ కోరుకున్న రంగు కాదు. ఈ రెండో సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. అందుకే రేసు బండి కొనడానికి పోయిన రోజు మా ఆవిడ సుజాతను ఇంట్లోనే ఉంచి పోయాను.

ఆ బండి హ్యాండిల్ ఎక్కడో కింద ఉంటుంది. నలభై రెండేళ్ల వయసులో, ఈ పొట్టతో, ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు వంగితే తప్ప అది చేతికందదు. వెనుక సీటు అరచేయంత వెడల్పు, దాని ఎత్తు చూస్తే అటక గుర్తుకొస్తుంది. అంతకుముందు మాకొక పాత బండి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి, ఏ పనీ లేకుండా, మిరుదొడ్డి వైపో హుస్నాబాద్ వైపో ఇద్దరం పోయి వచ్చేవాళ్లం. ఇంటి గోలా దుకాణం గోలా లేకుండా మేం మాట్లాడుకునేది ఆ కాసేపే. రేసు బండి వచ్చాక మొదటిసారి కరీంనగర్ బయలుదేరాం. బెజ్జంకి క్రాస్ రోడ్డు రాగానే సుజాత నా భుజం తట్టి ఆపమంది. దిగి, చీర సర్దుకుని, "మీరు పోన్రి. నేను బస్సుల వస్త" అంది.

"ఇంకెంత దూరముందని?"

"ఎంతున్నా సరే."

బస్సు వచ్చింది, ఎక్కింది. కరీంనగర్ దాకా ఆ బస్సు పొగ మింగుతూ దాని వెనకాలే పోయాను. ఆ తర్వాత ఆమె ఆ బండి ఎక్కలేదు. ఆదివారాలు పోయాయి. ఎందుకు దిగావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నడుము నొప్పి అనుకున్నాను, ఎందుకంటే నాకూ అదే నొప్పి. వేళ్లు తిమ్మిరెక్కి చిల్లర లెక్కపెట్టలేని స్థితి వచ్చాక దవాఖానకు పోతే, డాక్టరు నా బండి ఫోటో చూసి, "బండి మారుస్తరా, నడుము మారుస్తరా? రెండోది మా దగ్గర దొరకది" అన్నాడు. అయినా అమ్మబుద్ధి కాలేదు. అమ్మితే నలభై రెండు వేల గొప్ప కూడా దాంతో పాటే పోతుంది. సుజాత మళ్లీ నా వెనుక కూర్చోవాలి, గొప్పా నిలవాలి. ఈ రెండూ ఎట్లా అని ఆలోచిస్తూ లింగయ్య కాకా దగ్గరికి పోయాను.

మిరుదొడ్డి రోడ్డులో ఊరి చివర ఒక రేకుల షెడ్డు, అందులో అమ్మకానికి పెట్టిన ఏడెనిమిది బండ్లు, ఒక గోడ గడియారం, ఒక బల్ల. అదే ఆయన రాజ్యం. వయసులో ఉన్నప్పుడు ఆయన అంగట్లో ఎడ్ల బేరగాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాక మోటారు సైకిళ్లకు మారాడు. విచిత్రం ఏమిటంటే ఆయనకు బండి నడపడం రాదు. షెడ్డులోంచి బయటికి తేవాలన్నా నెట్టుకుంటూ తెచ్చేవాడు. నేను నవ్వితే ఆయనకేం కోపం రాలేదు.

"ఎడ్లతోని గూడ నేనేం దున్నిన్నా సేటూ? దున్నెటోన్ని జూస్తి. ఎద్దును జూసుడు అందరికొస్తది. దాని ఎన్క నడిచెటోడు ఎట్ల నడుస్తడో చూడాలె. పొడుగు అంగలేసెటోనికి నిమ్మలంగ నడిచె ఎద్దునిస్తే ఇద్దరికీ నరకమే."

తర్వాత నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎంతకిస్తవ్?" అన్నాడు.

"లక్షా నలభై."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "సరే, నేనే కొంట. ఒక్కటే, ఒక గంట దీని మీద కూసో. దిగకుంట కూసుంటే పైసలు ఇప్పుడే ఇస్త."

కదలని బండి మీద గంట కూర్చుంటే ఇరవై రెండు వేల లాభం! ఒక్క గెంతులో ఎక్కాను. ఐదు నిమిషాలకు మణికట్లు పీకాయి. పది నిమిషాలకు మెడ పట్టేసింది. కాకా బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో ముచ్చటపెడుతూ మధ్యమధ్య నా వైపు చూసి, "ఏం సేటూ, గాలి మంచిగొస్తుందా?" అని అడుగుతున్నాడు. చివరికి దిగేశాను. దిగాక నడుము వెంటనే లేవలేదు, కాసేపు వంగే నిలబడ్డాను. కాకా గడియారం చూశాడు.

"ఇరవై మూడు నిమిషాలు. తియ్యి, ఇది ఎవని ఒంటికి సరిపోతదో చూద్దాం. నీకు వేరే బండి చూపెడ్త. గని ఎన్కాల కూసునే మనిషిని తోల్కరా."

"ఆమెందుకు కాకా? నచ్చితే ముఖంల కనవడ్తది. రేటు పెరుగుతది."

"కనవడనియ్యి. నచ్చింది కనవడకుంటే నేనేం జూసి అమ్మాలె?"

బాపు నియమానికి ఇంత సూటి జవాబు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. వారం తర్వాత కాకా కబురు పెట్టాడు. సుజాతను బతిమాలి తీసుకుపోయాను. ఆమె ఆటోలో వచ్చింది. "మళ్ల ఎంత తగ్గించిన్రు?" అని దారిలో ఒక్క మాటే అంది. షెడ్డు ముందు బూడిద రంగు బండి నిలబడి ఉంది. దూర ప్రయాణాలకు చేసిన రకం. హ్యాండిల్ ఛాతీ ఎత్తుకు ఉంది, ముందు గాలి ఆపే అద్దం ఉంది, సీటు ఇద్దరు మనుషులు మనుషుల్లా కూర్చునేంత వెడల్పు. ఆరేళ్లు వాడింది. హుస్నాబాద్ లో ఉద్యోగం చేసే ఒక ఇంజనీరు సారుది. ఇంట్లో బిడ్డ పుట్టిందని కారు కొనుక్కుంటున్నాడు. ఆయన కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను నమస్తే చెప్పి, గొంతు సవరించుకుని, "సారూ, ఎంత—" అన్నానో లేదో కాకా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇద్దరు ఎక్కి కూసోన్రి. గంట. కూసున్నంకనే ధర."

పట్టపగలు, రోడ్డు పక్కన, స్టాండు మీద నిలబెట్టిన బండి మీద మొగుడూ పెళ్లాం కూర్చున్నాం. అది చాలదన్నట్టు మా బజారు మనిషి ఒకాయన అటుగా పోతూ, "ఏం సేటూ, పెట్రోలు అయిపోయిందా?" అని అరిచాడు. వెనుక సుజాత కిసుక్కున నవ్వింది. చాలా రోజుల తర్వాత నా వీపు వెనుక విన్న నవ్వు అది. ధర మాట్లాడకుండా గంట గడపడం నాకు పుట్టినప్పటి నుంచి అలవాటు లేదు. చేతులకు పని లేదు, నోటికి పని లేదు. ఏం చేయాలో తోచక అన్నాళ్లూ అడగని మాట అడిగాను.

"ఆ రోజు బెజ్జంకి కాడ అంత నొప్పి లేసిందా?"

"నొప్పికి దిగలే" అంది. "ఇంటికాడ మొదలువెట్టి బెజ్జంకి దాక నలభై రెండు వేల ముచ్చటే చెప్పిన్రు. ఎన్కాల ఉన్ననా, పడిపోయిన్నా అని ఒక్కపారన్న అడిగిన్రా?"

అద్దంలో ఆమె సగం ముఖమే కనిపిస్తోంది. సీటు మీద కొంచెం ముందుకు కదిలి, "జరగాల్నా ఇంక?" అని అడిగాను. "కొంచెం" అంది. జరిగాను. "ఇప్పుడు?" "ఇప్పుడు మంచిగున్నది." తర్వాత గడియారం వైపు ఇద్దరం చూడలేదు. కాకాయే వచ్చి, "గంట మీద పావు అయింది, దిగున్రి" అన్నాడు. నా నడుము ఒక్కసారే లేచింది.

"ఎట్లున్నది బిడ్డా?" అని ఆయన సుజాతను అడిగాడు.

"మంచిగున్నది కాకా. తీసుకుందాం."

అమ్మేవాడి ముందే! బాపు ఉంటే గుండె పట్టుకునేవాడు. సారు ముఖం వెలిగింది. లక్షా డెబ్బై అన్నాడు. నేను నోరు తెరిచేలోపు కాకా భుజం మీది తువ్వాల తీసి, తన చేతి మీదా సారు చేతి మీదా కప్పాడు. ఎడ్ల అంగట్లో బేరం అట్లాగే జరుగుతుంది. బట్ట కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. అయితే కాకా వేళ్లు కదిపే ముందు పైకి రెండు మాటలన్నాడు. నాతో, "ఎన్కటి టైరు ఆరు నెలల్ల పోతది. చైను ఇప్పుడే మార్చాలె" అన్నాడు. సారుతో, "వీళ్లకు బండి నచ్చింది, దాచుడేం లేదు" అన్నాడు. సారు, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మేమిద్దరం దాచాలనుకున్నవి అవే. ఆ తర్వాత తువ్వాల కింద ఎక్కువ సేపు పట్టలేదు. లక్షా అరవై అయిదు.

"కాకా, ఇంకో రెండు వేలు—"

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. బేరం ముగిసిందని అర్థం. "పైసలు ఒక్కనాడు ఇస్తవు బిడ్డా. కూసునుడు దినాం ఉంటది." అప్పటిదాకా నన్ను సేటూ అనేవాడు. బిడ్డా అనడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంటికి తిన్నగా పోలేదు. మిరుదొడ్డి దాకా పోయి తిరిగి వచ్చాం. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా "ఎట్లున్నది?" అని అడిగాను. నాలుగోసారి సుజాత, "ఊకె అడగకున్రి, నిద్రొస్తుంది" అంది.

రేసు బండిని అమ్మిపెట్టడానికి కాకాకు నెలన్నర పట్టింది. తొంభై వేలిస్తానని ఒకతను వచ్చాడని తెలిసి పరుగెత్తుకుపోతే, అతన్ని పంపేశానన్నాడు. "పది నిమిషాలు గూడ కూసోలేదు. రేపు మల్ల నా దగ్గరికే వస్తడు, నీ లెక్కనే వంగుకుంట." చివరికి దాన్ని కొన్నది కసరత్తు నేర్పే ఒక సన్నపాటి కుర్రాడు. గంట కూర్చుని ఈల వేస్తూ దిగాడట. ఎనభై వేలు. ఆ పది వేల కోసం రెండు రోజులు కాకాతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే పోయాను. ఆ తర్వాత పని ఉన్నా లేకున్నా పోతూనే ఉన్నాను. బల్ల మీద ఆయన పక్కన కూర్చుని, బండి మీద కూర్చున్నవాళ్ల భుజాలూ మోచేతులూ చూడటం నేర్చుకున్నాను. నా జీవితంలో ధర వినకుండా నేర్చుకున్న విద్య అదొక్కటే.

పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. రెండు రోజుల జ్వరం, అంతే. చివరిచూపుకు వచ్చినవాళ్లు ఆయన ఇంటి ముందు వరుసగా నిలిపిన బండ్లలో సగం ఆయన కుదిర్చినవే. ఎవరి బండి వాళ్లు దిగుతుంటే చూశాను. ఒక్కరు కూడా నడుము పట్టుకుని దిగలేదు. షెడ్డులో ఇప్పుడు ఎవరో టైర్లు అమ్ముతున్నారు.

ఇప్పుడు మా దుకాణానికి ఎవరైనా బిందె కోసం వస్తే ముందు ధర చెప్పను. నీళ్లు నింపి, "చంకకెత్తుకుని గల్లీ చివరి దాక నడిచి రా అమ్మా" అంటాను. కొందరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి పక్క దుకాణానికి పోతారు. తీసుకుపోయిన బిందెలు మాత్రం తిరిగి రావడం లేదు. బిడ్డ పెళ్లికి గిన్నెలు కొనేవాళ్లయితే, బిడ్డను కూడా తీసుకురమ్మని చెబుతాను. ఆ అమ్మాయి ముఖంలో ఇష్టం కనిపించాక ధర పెంచకుండా ఉండటం నాకింకా కష్టంగానే ఉంది. అబద్ధమెందుకు, రెండుసార్లు పెంచాను. ఒకసారి తిరిగి తగ్గించాను.

ఇక లెక్క. రేసు బండి కొన్నది లక్షా పద్దెనిమిది, అమ్మింది ఎనభై. నష్టం ముప్పై ఎనిమిది వేలు. డాక్టరు, మందులు, నడుము బెల్టు తొమ్మిది వేలు. అంటే నేను తగ్గించిన నలభై రెండు వేలూ పోయి, పైన ఇంకో అయిదు వేలు పోయాయి. కొత్తగా వచ్చిన పాత బండికి లక్షా అరవై అయిదు, టైరూ చైనూ తొమ్మిదిన్నర వేలు, కాకా తీసుకున్నది రెండు వేలు. ఆ బేరంలో తగ్గిన అయిదు వేలలో నా నోటి గొప్ప ఒక్క రూపాయి లేదు. కొన్నప్పటి నుంచి నిన్నటి దాకా బండి తిరిగింది పదకొండు వేల కిలోమీటర్లు. అందులో వెనుక సుజాత ఉన్నవి నాలుగు వేల మూడు వందలు. ఈ ఒక్క లెక్క ఆమే రాస్తుంది. నేను రాస్తే పెంచి రాస్తానని ఆమె అనుమానం, అది నిజమే.