మొదలూ చివరా చూసినవాడు

శాంతరాజు చేతులు మంచివి. ఫిల్మ్ నగర్‌లో ఆయన గురించి ఎవర్ని అడిగినా ముందు చెప్పే మాట అదే. రీళ్ళ కాలంలో ఆయన నెగటివ్ కటింగ్, అంటే కెమెరాలోంచి వచ్చిన అసలు ఫిల్మును కత్తిరించి అతికించే పని, చేసేవాడు. నెగటివ్ మీద గీత పడితే ఊరూరా ప్రతి థియేటర్లోనూ ఆ గీతే కనిపిస్తుంది కదా, అందుకని తెల్ల చేతితొడుగులు వేసుకుని కూర్చునేవాడు. తుమ్మొస్తే గదిలోంచి బయటికి పరిగెత్తి తుమ్మేవాడు. పాతికేళ్ళలో ఒక్క ఫ్రేము పాడుచేశాడని మాట పడలేదు. అంత బుద్ధిగల చేతులే చివరికి ఆయన కొంప ముంచాయి. ఇంకెవరైనా ముంచితే తిట్టుకోవచ్చు. సొంత చేతుల్ని ఏమని తిట్టుకుంటాడు?

ఊరు రేపల్లె. సినిమాల కోసం మద్రాసు వెళ్ళాడు, ఆ సినిమాల వెనకే హైదరాబాదు వచ్చాడు. ఫిల్మ్ నగర్ గుట్ట దిగేచోట రెండు గదుల వాటాలో కాపురం. డిజిటల్ వచ్చి రీళ్ళు పోగానే ఆయన పనీ పోయింది. అవతల మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచి, నిన్నటిదాకా సైకిలెక్కినవాళ్ళు కార్లెక్కుతున్న రోజులవి. ఈయన మాత్రం రెండేళ్ళు గుమ్మంలో కూర్చున్నాడు. ఆ రెండేళ్ళూ ఇల్లు నడిపింది భార్య పుష్పకుమారి.

ఆవిడ జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీనులో మూడో వరసలో నిలబడి అక్షింతలు వేసే మనిషి. ఆస్పత్రి సీనులో బెంచీ మీద కూర్చునే మనిషి. ఇరవై ఏళ్ళు అలాగే చేసింది. తెర మీద ఆవిణ్ణి పోల్చుకునేలోపు కెమెరా హీరో మీదికి వెళ్ళిపోతుంది. చుట్టాలు ఎవరైనా సినిమా చూసి "ఎక్కడున్నావే నువ్వు?" అని అడిగితే నవ్వేసి ఊరుకునేది. లోపల ఎంత గుచ్చుకునేదో శాంతరాజుకి తెలుసు.

తరవాత ఆయనా కొత్త పని పట్టుకున్నాడు. కెమెరాలోంచి వచ్చిన మెమరీ కార్డుల్లో ఉన్నదాన్ని హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, కార్డులు ఖాళీ చేసి మళ్ళీ కెమెరాకి ఇవ్వడం ఆ పని. నిండిన కార్డు మీద తెల్ల టేపు ముక్క అంటిస్తాడు. డిస్కులోకి ఎక్కించాక ప్రతి షాటూ తెరిచి, మొదట రెండు సెకన్లు, చివర రెండు సెకన్లు చూస్తాడు. రెండూ ఉన్నాయంటే మధ్యలోది ఉన్నట్టే. రోజుకి రెండొందల షాట్లు, అంతకంటే చూడాలంటే తెల్లారిపోతుంది. చూసి, టేపు పీకి, కార్డు తుడిచేస్తాడు.

2013 వేసవిలో చలపతిరావు అనే కొత్త నిర్మాత ఒక చిన్న సినిమా మొదలుపెట్టాడు. ఆయనకి తిండీ నిద్రా లేకుండా చేసిన భయం ఒకటే, లీకు. ఎడిటర్‌నీ నమ్మడు, ల్యాబునీ నమ్మడు, శాంతరాజుని నమ్మాడు. ఇంటి ఓనరు రాములు కొడుకు సృజన్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆ అబ్బాయి ఒక పెట్టెలాంటి సర్వరు తయారుచేసి శాంతరాజు ముందుగదిలో పెట్టాడు. అందులో రెండు డిస్కులు, ఒకటి పోయినా రెండోదాంట్లో అంతా ఉంటుంది. రెండింటికీ తాళం. పెట్టె ఆన్ చేసేటప్పుడు ఒక మెమరీ కార్డు గుచ్చితేనే ఆ తాళం తెరుచుకుంటుంది. ఆ తరవాత ఆపేదాకా తెరిచే ఉంటుంది. పాస్‌వర్డు కూడా ఒకటి పెట్టుకోమనీ, కార్డుకి ఇంకో నకలు తీసుకోమనీ సృజన్ మొత్తుకున్నాడు. చలపతిరావు వినలేదు. పాస్‌వర్డంటూ ఉంటే ఎవడో ఒకడి నోట్లోంచి బయటికొస్తుందట, నకలంటూ ఉంటే ఎవడో ఒకడి జేబులోకి పోతుందట.

కార్డు ఎక్కడ దాచాలి? శాంతరాజు బాగా ఆలోచించి, ప్రాణం పోయినా తన చెయ్యి వదలనిదేదో అందులోనే దాచాడు. నడుముకి కట్టుకునే కార్డుల డబ్బాలో. తుడిచేయకుండా గుర్తుగా దానిమీద తెల్ల టేపు అంటించాడు.

షూటింగు షేక్‌పేట పాత ఊళ్ళో జరిగింది. ఒకరోజు తల్లి వేషానికి రావలసిన ఆర్టిస్టు రాలేదు. పోలీస్ స్టేషన్లో తల్లి, కొడుకు పేరు చెప్పకుండా నిలబడే సీను. నాలుగు నిమిషాలు, ఒకటే షాటు. డైరెక్టరు విసుగెత్తిపోయి, గుంపులో నిలబడ్డ పుష్పకుమారిని పిలిచి మీరు చేస్తారా అని అడిగాడు. చేసింది. కట్ చెప్పాక లైట్‌మెన్ చప్పట్లు కొట్టారు. శాంతరాజు అక్కడ లేడు, పొద్దుటి కార్డులు పట్టుకుని ఇంటికొచ్చి డిస్కులోకి ఎక్కిస్తున్నాడు.

ఆ రాత్రి నుంచి ఆవిడ అడగడం మొదలుపెట్టింది. ఒక్కసారి చూపించండి. టీవీలో వద్దు, సర్వరుకి తగిలించిన ఆ చిన్న స్క్రీన్ మీదే చాలు. శాంతరాజు ఒప్పుకోలేదు. రషెస్, అంటే ఎడిటింగు కాని షాట్లు, ఆర్టిస్టులకి చూపించకూడదు, అది రీళ్ళ కాలం నుంచీ ఉన్న కట్టుబాటు. చూసుకున్నవాళ్ళు మళ్ళీ చేస్తామంటారు, గొడవలొస్తాయి. భార్య అయితే మాత్రం? "థియేటర్లో చూద్దువుగాని. నేనూ నీ పక్కన కూర్చునే చూస్తా, అప్పటిదాకా నేనూ చూడను" అన్నాడు. అదేదో పెద్ద బహుమానం దాచిపెట్టినట్టు మురిసిపోయాడు కూడా. పిచ్చి మారాజు!

జూన్ నెలాఖరున గుమ్మడికాయ కొట్టారు. ఆఖరి షాటు కాగానే గుమ్మడికాయ పగలగొట్టడం, ఆ సాయంత్రమే అద్దె కెమెరా సరంజామా అప్పగించేయడం మామూలే. శాంతరాజు కార్డులన్నీ ఎక్కించి, చూసుకుని, టేపులు పీకి, వరసగా తుడిచి, పన్నెండు కార్డులూ కెమెరా కంపెనీకి అప్పజెప్పాడు. ఆషాఢం వస్తోంది గనక ఎడిటింగు శ్రావణంలోనే అన్నాడు చలపతిరావు. నలభై రోజులు సర్వరు ముందుగదిలో చిన్నగా గుర్రుపెడుతూ ఉంది. కరెంటు పోతే ఇన్వర్టరు కాసింది. పుష్పకుమారి దానిమీద దుమ్ము పడకుండా పాత చీర ముక్క కప్పింది. నలభై రోజులూ అది తెరిచే ఉంది, ఆవిడ అడుగుతూనే ఉంది, ఈయన కాదంటూనే ఉన్నాడు.

శ్రావణమాసం మొదటి శుక్రవారం పది గంటల ఇరవై నిమిషాలకి ముహూర్తం. సర్వరు తెచ్చి ఆఫీసులో పెడితే పూజ చేసి, అక్కడే ఎడిటింగు మొదలుపెడతామన్నారు. శాంతరాజు పొద్దున్నే దాన్ని పద్ధతిగా ఆపి, తుడిచి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు. పంతులుగారు పెట్టెకి పసుపు కుంకుమ పెట్టారు, చలపతిరావు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. శాంతరాజు టేపు ఉన్న కార్డు కోసం డబ్బా తెరిచాడు. ఒకే ఒక్క కార్డు ఉంది. దానికి టేపు లేదు.

గుచ్చాడు. తాళం తెరుచుకోలేదు. తీసి ఊది మళ్ళీ గుచ్చాడు. తెరుచుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, గుమ్మడికాయ రోజున డబ్బాలో తాళం కార్డుతో కలిపి పదమూడు కార్డులున్నాయి. అన్నీ చూడ్డానికి ఒకేలాంటివి. టేపు ఉన్నదల్లా పీకాడు, పీకినదల్లా తుడిచాడు, పన్నెండు లెక్కపెట్టి ఇచ్చేశాడు. ఏళ్ళ తరబడి అలవాటైన చేతులు, ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు. పంతులుగారు గడియారం చూసి, ముహూర్తం దాటిపోతోందని మెల్లగా అన్నారు. కొబ్బరికాయ కొట్టకుండానే కింద పెట్టేశారు.

సృజన్ పెట్టెని తన గదిలో పెట్టుకుని, మూడు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చున్నాడు. డిస్కులు విడివిడిగా పెట్టి చూశాడు, వేరే కంప్యూటర్‌కి తగిలించి చూశాడు. డబ్బాలో మిగిలిన కార్డులోంచి తుడిచేసినవాటిని వెనక్కి లాగే ప్రయత్నం చేశాడు. ఒక ముక్క వచ్చింది. అది తాళం కాదు, గుమ్మడికాయ పగలగొడుతున్న ఆఖరి షాటు. అందులో పుష్పకుమారి లేదు. కెమెరా కంపెనీకి వెళ్తే, కార్డులన్నీ వందల కార్డుల్లో కలిసిపోయి, ఈపాటికి రెండు సినిమాలు తిరిగొచ్చాయన్నారు.

మూడో రోజు సాయంత్రం సృజన్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"అంకుల్, డిస్కులకి ఏం గాలే. మంచిగున్నయి. లోపల మొత్తం సినిమా ఉంది. తాళంచెవే లేదు, గంతే."

"పగలగొట్టలేమా బాబూ?"

"మన జిందగీల కాదంకుల్. గట్ల పగిలేదైతే తాళమెందుకు పెడతం?" అని, చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, చెప్పేశాడు. "పెట్టె నడుస్తున్నప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే, రెండు నిమిషాల్ల కొత్త చెవి చేసిస్తుంటి. ఆ నలభై దినాలల్ల ఎప్పుడైనా సరే."

చలపతిరావు కేకలు వేయలేదు, వేస్తే బాగుండుననిపించింది శాంతరాజుకి. సినిమా ఆపేస్తున్నానని ఫోనులో నెమ్మదిగా చెప్పి పెట్టేశాడు. పెట్టె మీరే ఉంచుకోమన్నాడు, అది మళ్ళీ ముందుగదికే చేరింది. ఫిల్మ్ నగర్‌లో కబురు పాకడానికి ఒక్క పూట పట్టదు. ఆ తరవాత శాంతరాజుకి ఎవరూ పని ఇవ్వలేదు. ఆయనా అడగలేదు, అడగడానికి మొహం చెల్లలేదు.

అసలు కష్టం భార్యకి చెప్పడం. సృజన్ తేల్చి చెప్పిన ఆ సాయంత్రమే వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాడు. టేపు సంగతి, నలభై రోజుల సంగతి, ఏదీ దాచలేదు. పుష్పకుమారి బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. ఒక రాయి తీసి పక్కన పెట్టి తలెత్తింది.

"మీరైతే ఎక్కించేటప్పుడు చూసే ఉంటారుగా? ఎలా చేశానండీ?"

శాంతరాజు చూసింది నాలుగు సెకన్లు. మొదట క్లాప్ బోర్డు వెనక ఆవిడ కొంగు సర్దుకుంటోంది. చివర కట్ అన్నాక, ఎవరైనా ఏమైనా చెబుతారేమోనని అటూ ఇటూ చూస్తోంది. మధ్యలో ఆవిడ ఏం చేసిందో ఆయనకి తెలియదు. ఇక ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"చాలా బాగా చేశావు, పుష్పా."

"ఏ చోట బాగుంది?"

ఆవిడ మొహంలో అంత ఆశ ఆయన ఇరవై ఏళ్ళలో చూడలేదు.

"ఆ ఏడ్చే చోట. అక్కడ నాకే కళ్ళు చెమర్చాయి."

పుష్పకుమారి చేతులు బియ్యంలో ఆగిపోయాయి. ఆయన్ని చూసింది. కోపంగా కాదు. కోపమైనా ఆయన భరించేవాడు.

"ఏడవకూడదన్నారండీ అందులో" అంది. "నాలుగు నిమిషాలూ ఏడుపు ఆపుకోవాలన్నారు. ఆపుకున్నాను."

శాంతరాజుకి సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. ఆవిడ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. తరవాత ముందుగదిలోకి వెళ్ళి, సర్వరు మీద కప్పిన చీర ముక్క సరిచేసి, బీరువా తెరిచి పట్టుచీర తీసింది. మర్నాడు ఆరింటికి పెళ్ళి సీను ఉందని జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు పొద్దున్నే ఫోను చేశాడు.