మరియమ్మక్క అనని మాట

మొన్న భద్రాచలంలో నేను పనిచేసే ఆస్పత్రి బయట ఎవరో నాయకుడు మాట్లాడుతుంటే ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. డాక్టర్ల మాటలు కోయ రోగులకు వాళ్ల భాషలో చెప్పడం నా ఉద్యోగం. ఆ చప్పుడుకు నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. డాక్టరు ఇంకా ఏమన్నాడని మంచం మీది ముసలమ్మ నా మోచెయ్యి తట్టింది. చప్పట్లు వింటే నాకు ఇప్పటికీ కుదురుండదు. మరియమ్మక్క గుర్తొస్తుంది.

అక్కది జూలూరుపాడు. మణుగూరు చుట్టుపక్కల అడవి ఊళ్లలో నర్సుగా ఏళ్ల తరబడి తిరిగింది. అడవిలో పోడు సేద్యం చేసుకునేవాళ్ల చేతుల్లో భూమి కాగితం లేదన్న బాధతో ఉద్యోగం మానేసి పార్టీ పెట్టింది. గంప బొమ్మ ఉన్న జెండా, ఒక పాత జీపు, కొద్దిమంది మనుషులు, అంతే పార్టీ. ఆమెకు కోయ భాష జ్వరాలూ మందుల వరకే వచ్చు, ఉపన్యాసానికి చాలదు. అందుకని ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న కోయ పిల్లను, నన్ను పక్కన నిలబెట్టుకుంది.

మొదటి మీటింగులో, పట్టాల కోసం కొట్లాడతామని, వస్తాయో రావో ఇప్పుడే చెప్పలేనని అంది. నేను అలాగే చెప్పాను. జనం కదలలేదు. కొందరు లేచి వెళ్లిపోతుంటే అక్క ముఖం చూడలేకపోయాను. తర్వాతి ఊళ్లో ఆమె మళ్లీ అవే మాటలు అంది. నేను మాత్రం, మమ్మల్ని గెలిపిస్తే ఏడాదిలో ఇంటింటికీ పట్టా అని చెప్పాను. చప్పట్లు ఆగలేదు. ఆపై ప్రతి ఊళ్లోనూ అదే చెప్పాను. ఆ మాట మా జీపు కంటే ముందు పోయేది. స్థానిక ఎన్నికల్లో చాలా ఊళ్లు మావే అయ్యాయి. ఊరేగింపులో నేనూ గంతులేశాను.

ఏడాది గడిచింది, మరో ఏడాదీ గడిచింది. పట్టాలు రాలేదు. గెలిచినవాళ్లు ఒక్కొక్కరే పెద్ద పార్టీలోకి వెళ్లిపోయారు. అసెంబ్లీకి నిలబడితే అక్కకు డిపాజిట్ కూడా దక్కలేదు. మిగిలినవాళ్లను కూడగట్టుకుందామని ఒక ఊరికి వెళితే ఒక పెద్దాయన లేచి, ఏడాదిలో ఇస్తామన్న పట్టాలు ఏవని అడిగాడు. ఏమంటున్నాడని అక్క నా వైపు చూసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆయన వైపు తిరిగింది.

"అవ్ పెద్దయ్యా, గట్లనే చెప్పినం. అది అబద్ధం. తప్పు నాది."

ఆ మాట కోయలో చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ఒకామె తన ఇంటి మీది జెండా విప్పి, మడిచి, తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

జీపులో ఏడుస్తూ, మాట మార్చింది నేనైతే నీ మీద ఎందుకేసుకున్నావని అడిగాను.

"రెండో ఊళ్లనే అనుమానమొచ్చింది ముత్తూ. నేను చెప్పిన మాటకు గన్ని చప్పట్లు రావు. నిన్ను అడగాల్సుండె. అడగలే. నాకు గూడ మంచిగనిపించింది."

ఆమె నన్ను క్షమించిందో, నాతో పాటు తననూ దోషిని చేసుకుందో నాకింకా తేలలేదు.

అక్క పార్టీని మూసేసింది కానీ ఇంట్లో కూర్చోలేదు. ఆ మాట చెప్పిన ఊళ్లన్నింటికీ నన్ను వెంటబెట్టుకుని తిరిగి, అది అబద్ధమని చెప్పించింది. కొన్నిచోట్ల నవ్వారు, కొన్నిచోట్ల మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ప్రతిచోటా ఆమె "తప్పు నాది" అంటే నేనూ కోయలో "తప్పు నాది" అనే అనేదాన్ని. నేను ఆమె మాటే చెబుతున్నానని జనం మాత్రం అది ఆమె తప్పనే అనుకునేవాళ్లు. నేను సరిదిద్దలేదు. ఇంకా రెండు ఊళ్లు ఉన్నాయనగా వానలకు దారులు మూసుకుపోయాయి. వానలు తగ్గేసరికి అక్క లేదు. గుండె ఆగి చనిపోయింది.

ఆ రెండు ఊళ్లవాళ్లు మా ఆస్పత్రికి వస్తుంటారు. నన్ను గుర్తుపట్టి పలకరిస్తారు, పార్టీ ఏమైందని అడుగుతారు. జబ్బు ఎంత పెద్దదైనా డాక్టరు అన్నది అన్నట్టే చెబుతాను, ఒక్క అక్షరం మార్చను. ఆ రోజు మాట మార్చింది నేనేనని చెప్పాలని వాళ్ల వెంట గేటు దాకా వెళతాను. వాళ్లు ఆటో ఎక్కేదాకా నిలబడి, వెనక్కి వచ్చేస్తాను.