మెరిడియన్ ఓడను చదివిన నాగరాణి

కట్టంగూర్‌లో హైవే పక్కనున్న మందుల దుకాణంలో నాగరాణి పదమూడేండ్లుగా పనిచేస్తోంది. ఏ డాక్టరు ఎంత గెలికి రాసినా చీటీని రెండోసారి చూడదు. చుట్టుపక్కల దుకాణాలవాళ్లు కూడా తమకు అంతుపట్టని చీటీలను ఫొటో తీసి ఆమెకే పంపుతారు. ఆ పేరు వినే, రెండేండ్ల కింద ఒక వాన మధ్యాహ్నం, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు విజేందర్ సార్ గొడుగు మడుచుకుంటూ వచ్చి కౌంటర్ మీద ఫోన్ పెట్టిండు.

"బిడ్డా, జర గిది చదువు."

"ఏ డాక్టర్ రాసిండు సార్?"

"డాక్టర్ కాదు. ఓడ కెప్టెన్. సచ్చిపోయి రెండొందల యేండ్లు దాటింది."

సంగతేమంటే, ఇంగ్లండులో పాత కాగితాలు భద్రపరిచే సంఘమొకటి పూర్వపు యుద్ధ ఓడల రోజువారీ పుస్తకాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఆ చేతిరాత చదివి, టైపు చేసి పంపవచ్చు. సార్‌కు మెరిడియన్ అనే ఓడ పుస్తకం వచ్చింది. ముప్పై రెండు ఫిరంగులు, రెండొందలకు పైగా మనుషులు. కెప్టెన్ పేరు హెన్రీ వెల్బీ. పదిహేడు వందల ఎనభై మూడు అక్టోబరులో ఆ ఓడ మచిలీపట్నం ముందు లంగరు వేసుకొని ఉంది. అరవై పేజీలు చదివేసరికి సార్‌కు కంటి ఆపరేషన్ అయింది. నెలరోజులు అక్షరం చూడొద్దన్నరు.

"తుఫాను సురువైంది. నడిమి తెరచాప కొయ్యను నరికి సముద్రంల పడేసిన్రు. గంతవరకే సదివిన. ఓడ ఏమైందో తెల్వక అన్నం సయిస్తలేదు నాకు."

"పుస్తకం మిగిలింది గద సార్. ఓడ మునిగితే పుస్తకం యాడికెల్లి వస్తది?"

"పుస్తకాన్ని ముందే వేరే ఓడకు ఎక్కిచ్చిండొచ్చు. మనుషులో?"

నాగరాణి ఫోన్ చేతిలోకి తీసుకుంది. మొదటి వారం చాలా తిప్పలైంది. ఆ కాలంలో కొన్నిచోట్ల ఎస్ అక్షరాన్ని పొడుగ్గా, ఎఫ్ లాగా రాసేవాళ్లు. దానికి అలవాటు పడింది కానీ తారీకులు కుదరలేదు. మధ్యాహ్నం విరిగిన కొయ్యను అదే తారీకు పొద్దున నరికినట్టు ఉంది. మూడు రోజులు కొట్టుకున్నాక తట్టింది, ఓడ మీద రోజు మిట్టమధ్యాహ్నం మొదలవుతుందని. ముందు మధ్యాహ్నం రాస్తారు, ఆ తర్వాతే మరుసటి పొద్దున. అప్పటినుంచి పేజీలు పరుగెత్తినయి.

దుకాణంలో రెండు నుంచి నాలుగు దాకా గిరాకీ ఉండదు. ఆ రెండు గంటలు సార్ స్టూలు మీద నల్లద్దాలు పెట్టుకొని కూర్చునేవాడు. ఆమె ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పేది.

"లంగరు తాడు తెగిందట. రెండోది ఏసిన్రు. అదీ తెగింది."

"ఇంకెన్ని ఉన్నయి?"

"ఒక్కటే ఉందట సార్. ఓడ అడుగున ఐదడుగుల నీళ్లు. నాలుగు పంపులతోని తోడుతున్నరు. బరువు తగ్గియ్యాలని పన్నెండు ఫిరంగులు సముద్రంల పడేసిన్రు."

జ్వరం గోళీల కోసం వచ్చిన ఒక ముసలాయన కూడా గోళీలు జేబులో వేసుకొని అక్కడే నిలబడిపోయిండు. ఇరుసు విరిగిన బండిని చూసినట్టు అందరూ ఆ ఫోన్‌నే చూస్తున్నరు.

మూడో నాడు గాలి తగ్గింది. ఓడ తేలే ఉంది, కానీ మంచినీళ్ల పీపాలు పగిలిపోయినయి, చివరి లంగరు కూడా పోయింది. ఒడ్డుకు కబురు పంపుదామంటే ఓడలోని పడవలన్నీ నుగ్గునుగ్గయినయి. ఆ రోజు పొద్దున, ఇంకా ఇంటి ఎత్తు అలలు లేస్తుండగానే, ఒడ్డునుంచి ఒక నాటు పడవ వాళ్ల దగ్గరికి వచ్చిందని కెప్టెన్ రాసిండు. తర్వాతి వాక్యం దగ్గర నాగరాణి ఆగింది. సంఘం ఒక్కో పేజీని నలుగురితో చదివిస్తుంది; అంతకుముందు చదివిన ముగ్గురు ఇంగ్లీషువాళ్లు దాన్ని ఒకే తీరుగా టైపు చేసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టిన్రు. ఉత్తరం ఇచ్చి అడవిని ఒడ్డుకు పంపితిమి, అని.

"అడవిని పంపుడేంది?" అన్నడు సార్.

నాగరాణి ఆ మాటను వేళ్లతో పెద్దగా చేసింది. వాళ్లు జంగిల్ అని చదివిన్రు. కానీ చివరన ఉన్నవి ఎల్, ఈ కాదు, ఎత్తుగా పోయి కిందికి వంగిన ఒక్క హెచ్. దాని ముందు ఐ, ఏ ఉన్నయి.

"సార్, గిది అడవి కాదు. మనిషి. జంగయ్య."

సార్ నల్లద్దాలు తీసేసిండు. డాక్టరు వద్దన్న మాట ఇద్దరికీ యాదికి రాలేదు. ఫోన్ ముక్కుకు ఆనించుకొని చూసి, "జంగయ్యనే," అన్నడు మెల్లగా. "ఉత్తరం ఇచ్చి జంగయ్యను ఒడ్డుకు పంపితిమి."

ఆ అలల్లో పడవ తోలుకొని పోయిన జంగయ్య రెండు రోజులకు ఒడ్డున ఉన్న ఇంగ్లీషువాళ్ల కోటనుంచి నీళ్ల పీపాలు, తాళ్లు, ఒక చిన్న లంగరు మోసుకొచ్చిన నాలుగు పడవలకు దారి చూపుతూ తిరిగొచ్చిండు. రెండొందల మంది నీళ్లు తాగిన్రు. రోజూ తప్పకుండా రాసే గాలి సంగతి కూడా ఆ రోజు కెప్టెన్ రాయలేదు. పడవలు వచ్చినయి, అని మాత్రం రాసి కింద గీత గీసిండు.

నాగరాణి తను చదివింది సంఘానికి రాసి పంపింది. మొదట నమ్మలేదు వాళ్లు. ఆధారం అడిగిన్రు. పదకొండు రోజుల తర్వాత అక్కడి పెద్దావిడ జవాబు రాసింది. అదే ఓడలో చిన్న అధికారి ఒకాయన విడిగా రాసుకున్న పుస్తకం తెరిచి చూశారట. అదే తారీకున, పడవవాడు జంగయ్య అని విడివిడి అక్షరాలతో ఉంది. వాక్యం సరిచేసి, చదివినవారు నాగరాణి, కట్టంగూర్, అని పెట్టిన్రు. ఆ పేజీని ఆమె రోజంతా గిరాకీకి చూపిస్తూనే ఉంది. భర్త పరమేష్ హైవే మీద పంచర్ దుకాణం నడుపుతాడు. ఆ పేజీని రంగుల్లో ప్రింటు తీయించి టైర్ల మధ్య గోడకు అతికించిండు.

ఆమె అంతటితో ఆగలేదు. ఏడాదిన్నరలో మెరిడియన్ పుస్తకం మొత్తం పూర్తిచేసింది. మొన్న ఫిబ్రవరిలో పరమేష్ దుకాణం మూసి ఆమెను మచిలీపట్నం తీసుకపోయిండు. నలభై యేండ్ల నాగరాణి సముద్రం చూడడం అదే మొదటిసారి. ఒడ్డున చేపలవాళ్లను బతిమాలి ఇద్దరూ మోటారు పడవ ఎక్కిన్రు. మొదటి అల పడవను నిలువునా లేపింది. పరమేష్ తాడు పట్టుకొని కళ్లు మూసుకున్నడు. నాగరాణి పూర్తిగా తడిసిపోయినా ముందుకు వంగి నిలబడింది.

"అన్నా," అని పడవాయనను కేకేసింది, "ఇంకొంచెం లోపటికి పోనియ్యి."