మానిటర్ పక్కన కుంకుమ భరిణె

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను బరంపురంలో ప్రెస్సాయనతో గొడవ పడుతున్నాను. నేనిచ్చిన శుభలేఖ ఫైలు వాళ్ల కంప్యూటర్లో తెరిస్తే పెళ్లికూతురి పేరులో వత్తులన్నీ ఊడి పక్కకి పడ్డాయి. "హెబొని, హెబొని," అంటున్నాడాయన ఒడియాలో, అవదని చెయ్యి ఊపుతూ. "మీ మావయ్య ఫ్రీ డబ్బాలో సేసినవి నా దగ్గర పలకవమ్మా." అప్పుడే ఫోన్ మోగింది.

"మీ మావయ్య లేవట్లేదమ్మీ. డాక్టరొచ్చి సూసి ఎల్లిపోనాడు," అంది అత్త.

నా ముఖం చూసి ప్రెస్సాయనకి విషయం తెలిసిపోయింది. మావయ్యతో ఏళ్ల తరబడి పోట్లాడిన మనిషి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మావయ్య మా అమ్మకి అన్న. గోపాలపూర్లో చేపల వేటకెళ్లే ఇంట పుట్టినా వల పట్టలేదు, కుంచె పట్టాడు. పడవల మీద పేర్లు, కొట్ల మీద బోర్డులు, గోడల మీద సిమెంటు ప్రకటనలు ఆయనే రాసేవాడు. తెలుగైనా ఒడియా అయినా ఆయన చేతిలో అక్షరం నిండుగా కూర్చునేది. ఫ్లెక్సీలొచ్చి ఆ పని మొత్తం మింగేశాయి. తోటి పెయింటర్లు చాలామంది సూరత్ మిల్లులకి రైలెక్కేశారు. ఈయన మాత్రం బరంపురం పక్కనే అంకులిలో ఇంటి ముందు గదిలోకి ఓ పాత కంప్యూటర్ తెచ్చి, డబ్బు కట్టక్కర్లేని లినక్స్ వేయించి, బోర్డులూ శుభలేఖలూ తయారు చేస్తానని కూర్చున్నాడు. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇవాళ్టికీ నా కూడు ఆ గదిలోనే ఉంది.

"ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో నిజంగా ప్రొఫెషనల్ పని అవుతుందా?" అని నన్ను చాలామంది అడుగుతారు. అవుతుందండీ, ఎందుకవదు! బొమ్మ గీయడానికీ, అక్షరం దిద్దడానికీ దానికే లోటూ లేదు. మావయ్య తన కుంచె అక్షరాలన్నిటినీ స్కాన్ చేసి, దాంట్లోనే ఫాంటుగా మార్చుకున్నాడు. అసలు తంటా ప్రెస్సు గుమ్మం దగ్గర మొదలవుతుంది. అక్కడందరికీ ఒకటే డబ్బు సాఫ్ట్‌వేర్, దాని ఫైలే కావాలి. రంగుల సంగతి మరీ ఘోరం. తెర మీద వెలుగుతో కనబడే ఎరుపు వేరు, ప్రెస్సులో నాలుగు సిరాలు కలిస్తే వచ్చే ఎరుపు వేరు. ఆ మార్పిడి మా సాఫ్ట్‌వేర్లో సరిగ్గా కుదరదు. కుదరదని మాకు మొదట్లో తెలియనే తెలియదు.

మా మొదటి పెద్ద పని ఓ శుభలేఖ. పైన గుండ్రటి కుంకుమ బొట్టు, కింద పేర్లు. తెర మీద ఆ బొట్టు భగభగలాడింది. అచ్చయి వచ్చాక చూస్తే ఎండిన రక్తం రంగు! పెళ్లికూతురి తండ్రి కట్ట విప్పి, "ఇది పెళ్లికేటి, దినానికేటి?" అన్నాడు. నాకు అక్కడికక్కడే ఏడుపొచ్చింది. మావయ్య కట్టలన్నీ రిక్షాలో ఇంటికి తెచ్చి, అటక మీంచి పాత కుంచెలు దింపాడు. అత్తా ఆయనా నేనూ కూర్చుని ప్రతి కార్డు మీదా బొట్టు దిద్దాం. పెళ్లివారు అది చేత్తో వేసిన కార్డని ఊరంతా గొప్పలు చెప్పుకున్నారు. మావయ్య మాత్రం సంతోషించలేదు. "ఇది గెలుపు కాదమ్మీ. తప్పు మీద రంగేసినాం, అంతే," అన్నాడు.

మర్నాడే అత్త పెళ్లినాటి చెక్క భరిణె మానిటర్ పక్కకి వచ్చింది. నమూనా అచ్చు రాగానే తెల్ల కాగితం మీద చిటికెడు కుంకుమ వేసి, రెండూ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూసేవాడు. "తెర అబద్దమాడతాది, కిటికీ ఆడదు," అనేవాడు. అత్త ఊరుకుంటుందా! "నా భరిణె దానికి పెట్టినారు. రేపు గాజులు కూడా తొడిగీండి," అని రోజూ దెప్పేది. భరిణె అక్కడే ఉండిపోయింది కాబట్టి ఆమె స్నానం చేసి మా గదిలోకే వచ్చేది. ఆర్పి ఉన్న నల్లటి తెరలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకునేది. అప్పటిదాకా మావయ్య కంప్యూటర్ ఆన్ చేసేవాడు కాదు, బేరం వచ్చి నిలబడినా సరే.

డబ్బు సాఫ్ట్‌వేర్‌కి ఏటేటా అద్దె కట్టాలి. మా వల్ల కాదు. బజార్లో అందరూ దొంగ కాపీ వేసుకుంటున్నారు కదా అని ప్రెస్సాయన సలహా ఇచ్చాడు. "దొంగసొత్తుతో శుభలేఖేసి పైన శ్రీరస్తని రాస్తామేటి?" అని ఆయన మీద ఇంతెత్తున లేచాడు మావయ్య. ఉన్నదానితో పని గొడవ లేకుండా ప్రెస్సు గడప దాటదు. మూడు వైపులా దారి లేదు, నాలుగో వైపు మేమున్నాం. ఊపిరాడట్లేదని నేను విసుక్కుంటే నవ్వేవాడు. "గోడలుంటే బెంగేటమ్మీ? గోడల మీదే కదా మనం బతికినాం."

ఆ మాట ఆయనకి చెల్లింది. నాకు కుంచె రాదు.

ప్రెస్సాయన పరామర్శకి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పాడు. కొత్త మిషన్ వస్తోందట, ఇక వాళ్ల రకం ఫైళ్లు తప్ప తీసుకోరట. మనిషి చెడ్డవాడు కాదు, తలొంచుకునే చెప్పాడు. బంధువులు కూడా అదే పాట. ఆ డబ్బా అమ్మేసి అందరిలా పెట్టుకో, లేదంటే కొట్టు మూసేసి ఏ మాల్లోనో చేరిపో అని.

పదో రోజు ముసలమ్మలు అత్తకి చేయాల్సినవన్నీ చేశారు. బొట్టు చెరిపారు, గాజులు తీశారు. ఇంట్లో కుంకుమ ఎక్కడెక్కడుందో వెతుకుతూ ఒకావిడ మా గదిలోకొచ్చి భరిణె మీద చెయ్యి వేసింది. తడి చీరతో కూర్చున్న అత్త ఒక్కసారిగా గొంతెత్తింది.

"దాన్ని ముట్టుకోకండి! మొగుడు పోనాడు నాకు. కంప్యూటర్‌కేటైనాది? దాని భరిణె దానికుండనీండి."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు పొద్దున్న నేను గదిలో ఊరికే కూర్చుని ఉన్నాను. ఆన్ చేయాలో, మూటగట్టాలో తెలియలేదు. అత్త స్నానం చేసి, అలవాటు కొద్దీ నేరుగా తెర ముందుకొచ్చి నిలబడింది. చెయ్యి భరిణె దాకా వెళ్లి ఆగిపోయింది. నల్లటి తెరలో బోసి నుదురు. ఆమె దాన్నే చూస్తోంది, నేనూ చూస్తున్నాను.

"ఆన్ సెయ్యమ్మీ," అంది.

నొక్కాను. తెర వెలిగింది. అత్త ముఖం అందులోంచి పోయింది.