ఎగరలేని నెలరోజులు

మా చిన్నతనంలో, బడి లేని రోజు వస్తే చాలు, నేను చెరువులో ఉండేదాన్ని... తడ ఊరికి ఇవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె మాది. ఊరి వెనక మంచినీళ్ళ చెరువు, అందులో మనిషి ఎత్తు జమ్ముగడ్డి. మా మేనత్త మస్తానమ్మ ఆ జమ్ము కోసి చాపలు అల్లేది. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆమె వెనకే నేను...

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక రోజు నీళ్ళ మీద ఈకలు తేలుతూ కనిపించాయి. ఒకటీ రెండూ కాదు. పొడుగాటి రెక్క ఈకలు, జమ్ము మొదళ్ళ దగ్గర తెట్టులా పేరుకుని ఉన్నాయి. ఏ నక్కో బాతులన్నిటినీ తినేసిందని ఏడుపు మొదలుపెట్టాను.

అత్త నవ్వింది. "ఏదీ చావలేదు మే. నోరు మూసుకోని ఇట్టా రా."

జమ్ము పక్కకు తీసి చూపించింది. లోపల అడవి బాతులు, గుంపుగా, చప్పుడు లేకుండా... మమ్మల్ని చూసి దూరం జరిగాయే గానీ ఒక్కటీ పైకి లేవలేదు. కోసి పడేసిన జమ్ములో ఒకదాని కాలు చిక్కుకుంది. అత్త దాన్ని విడిపిస్తూ రెక్క నెమ్మదిగా విప్పింది. పెద్ద ఈకలు ఉండాల్సిన చోట నల్లటి పుల్లల్లాంటి మొలకలు.

"పిల్లలు పెద్దయినాక ఇయ్యి పాత ఈకలన్నీ ఒక్కసారే రాల్చేసుకుంటయ్. కాకికయితే ఒకటి రాలితే ఒకటి వస్తాది, ఎగరతానే ఉంటాది. ఈటికి అట్టా కాదు. నెల దాకా ఎగరలేవు. ఈ మొలకల్లో నెత్తురుంటాది. ఇరిగితే కారిపోతాది. తాకబాక."

ఆ నెలంతా అత్త ఆ వైపు కొడవలి పెట్టేది కాదు. చాపలు తక్కువైనా సరే. "ఎవురికీ చెప్పబాక" అంది.

నేను చెప్పాను.

ఆ ఆదివారమే మా అమ్మ తమ్ముడు, చిన్నమామ, టౌను నుంచి ముగ్గురు స్నేహితులతో వచ్చాడు. ఎప్పుడూ నన్ను మొద్దు అని ఏడిపించేవాడు. నాకూ ఒకటి తెలుసని చూపించుకోవాలనిపించింది. బాతులు ఎక్కడున్నాయో, ఎందుకు ఎగరలేవో... అంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

మర్నాడు పొద్దున గట్టు మీద నిలబడి చూశాను. ఇద్దరు ఒక చివర వల పట్టుకున్నారు. మామా, ఇంకొకడూ రెండో చివర నుంచి కర్రలతో జమ్ము కొడుతూ వచ్చారు. బాతులు నీళ్ళ మీద పరుగెత్తాయి. ఈకల్లేని రెక్కలు కొట్టుకుంటూ, లేవబోయి పడుతూ... వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పట్టిన బాతుల్ని గోతాంలో వేసి తెచ్చి మా వాకిట్లో పడేశారు. సంగతి తెలిసి అత్త పరుగున వచ్చింది. ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినడం అదే మొదలు.

"ఎగరలేని దాన్ని పట్టేదానికి నలుగురు మొగోళ్ళు కావాల్సొచ్చిందా అబ్బయా? సిగ్గు లేదూ?"

"బాతులే గదొదినా!" అన్నాడు మామ. ఇంకా నవ్వుతూనే.

"ఇంటికొచ్చినోళ్ళ ముందర ఏందొదినా ఈ రచ్చ?" అంది అమ్మ. నాయన తల దించుకుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన మీద కోపం కూడా నాకు ఇంకా పోలేదు.

అత్త ఎవరినీ అడగలేదు. గోతాం విప్పింది. మూడు బతికి ఉన్నాయి. గంపలో పెట్టుకుని, పైట కప్పి చెరువుకు నడిచింది. దారిలో నన్నడిగింది, "నువ్వు గాని చెప్పినావా మే?"

"లేదత్తా" అన్నాను.

ఆమె నమ్మింది.

మొలకలు విరిగిన బాతు ఒకటి నెత్తురు కారి ఆ సాయంత్రమే చచ్చిపోయింది. మిగతా రెండూ జమ్ములోనే ఉండిపోయాయి. మూడు వారాలకు కొత్త ఈకలతో నీళ్ళ మీద నుంచి లేచి, చెరువు మీద ఒక చుట్టు తిరిగి ఉత్తరంగా వెళ్ళిపోయాయి. అత్త చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నా చేతులు లేవలేదు. ఆ తర్వాత నేను ఊళ్ళో ఉన్నన్నేళ్ళూ బాతులు ఆ చెరువులో గూడు పెట్టలేదు. అత్త పోయింది. ఆమెకు నిజం చెప్పనేలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే... మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. కుర్రాళ్ళు జమ్ములో బాతుల్ని తరుముతున్నారు. ఒక్కటీ ఎగరడం లేదు. వెనక పాట, కింద వరసగా చప్పట్ల బొమ్మలు. అవి ఈకలు మార్చుకుంటున్నాయని రాశాను. ఆనాడు మా చెరువులో జరిగిందీ, బాతుల సంగతి మామకు చెప్పింది నేనేననీ కూడా రాశాను. చిన్నమామ జవాబిచ్చాడు: "ఇంకా ఆ బాతుల గోలేనా పాపా?" పక్కన పగలబడి నవ్వే బొమ్మ.

గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

అప్పుడు నలుగురు చేసిన పనికి వాకిట్లో నిలబడి తిట్టేందుకు ఒక మనిషైనా ఉండేది... ఇప్పుడు చూసి నవ్వేవాళ్ళే అందరూ. నోరులేని జీవం కోసం సొంతవాళ్ళతో తగువు పెట్టుకున్న మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉండి ఉంటే, ఆ మనిషి గురించి నాలుగు మాటలు కింద రాయండి. ఈ రోజు నాకు అలాంటి మనుషుల గురించి చదవాలనుంది.